శాసనాలలో రుద్రదేవుడు, నవలలలో రుద్రమదేవి

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే రాజమార్గంలో నకిరేకల్లు దాటిన తరువాత, సూర్యాపేట చేరకముందు, కేతేపల్లి వస్తుంది. నల్లగొండ జిల్లాలోని ఈ మెరక నేలలో కాకతీయుల నాటి జాడలు అడుగడుగునా కనబడతాయి. మూసీ దాటి కొంత దూరం పోతే పిల్లలమర్రిలో రేచర్ల రెడ్ల నాటి ఎరకేశ్వర, నామేశ్వరాలయాలు. జిల్లా కేంద్రం ప్రక్కన పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం. కేతేపల్లికి చేరువలోనే, నకిరేకల్లు మండలంలో, చందుపట్ల అనే గ్రామమున్నది. ఆ గ్రామంలో దొరికిన ఒక చిన్న శాసనం కాకతి రుద్రమదేవి జీవితానికి చివరి పుట. అది 1289 నవంబరు 27వ తేదీ నాటిది. ఆమెయు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివలోక ప్రాప్తి పొందిన పిమ్మట, వారి పుణ్యం కొరకు పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు సోమనాథ దేవునికి భూమిని దానం చేసిన సంగతి అందులో ఉన్నది. ఈ శాసనం వెలుగు చూసేవరకు ఆమె 1295 ప్రాంతం దాకా జీవించినదని చరిత్రకారులు భావించేవారు.

రుద్రమదేవి పేరు వినని తెలుగువాడు లేడు. కాని మనలో పెక్కుమంది ఎరిగిన రుద్రమ శాసనాలలోని రుద్రమ కాదు. ఆమెను మనకు పరిచయం చేసినవారు నవలాకారులు, నాటకకర్తలు, చలనచిత్ర దర్శకులు. వారి చేతిలో ఆమె యౌవనవతి, ప్రణయిని, పురుష వేషంలో దాగిన కన్య. శాసనాలలోని వ్యక్తి వేరు. తండ్రి కుదిర్చిన సంబంధం చేసుకొని, బిడ్డలను కని, తరువాత రాజదండం చేపట్టి, వార్ధక్యం దాకా గుర్రపు జీను దిగని పాలకురాలు ఆమె. ఈ రెంటికీ నడుమ ఇంత దూరం ఎందుకు ఏర్పడినదో తెలుసుకోవాలంటే, రాజ్య ప్రయోజనం కొరకు జరిగే వివాహాన్ని ఆ కాలం ఎట్లా చూచినది, మనిషిని ఏ వయసున పెద్దవానిగా ఎంచినది అనే రెండు ప్రశ్నలను ఆమె జీవితంతో కలిపి చదువుకోవలసి ఉన్నది.

ముందుగా ఆమె పుట్టిన ఇంటి సంగతి. రుద్రమ తండ్రి గణపతిదేవ చక్రవర్తి. ఆయన రాజ్యకాలం 1199 మొదలు అరువది సంవత్సరాలకు పైబడినది. అంత దీర్ఘకాలం ఏలినవాడు సింహాసనం ఎక్కునాటికి పిన్న వయస్కుడై ఉండవలె. అంతకు ముందే ఆయన దేవగిరి యాదవుల చేతిలో బందీగా కొంతకాలం గడిపినాడు. ఆ అనిశ్చిత కాలంలో రాజ్యాన్ని చెదరనీయకుండా కాపాడినవాడు రేచర్ల రుద్రుడు. 1213లో పాలంపేటలో రామప్ప గుడిగా ప్రసిద్ధమైన ఆలయాన్ని నిర్మింపజేసినవాడు ఆయనే. రాజు బందీ అయిన నాడు సామంతుని విశ్వాసమే రాజ్యాన్ని నిలబెట్టగలదని గణపతిదేవుడు చిన్ననాడే తెలుసుకొన్నాడు. విశ్వాసాన్ని స్థిరపరచుకొనడానికి ఆనాటి రాజులకు తెలిసిన ఉపాయాలలో ముఖ్యమైనది వివాహం.

ఆయన కుటుంబ చరిత్ర చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. కృష్ణా ముఖద్వారాన ఉన్న దివిసీమను జయించిన పిమ్మట, ఆ సీమ నేలిన అయ్య వంశపు ఆడపడుచులైన నారమ్మ, పేరమ్మలను గణపతిదేవుడు వివాహమాడినాడు. వారి సోదరుడు జాయపను తన కొలువులో చేర్చుకొని గజసాహిణిగా నియమించినాడు. ఈ విషయం 1213 నాటి చేబ్రోలు శాసనం వలన తెలుస్తున్నది. జయించిన ఇంటి పడుచులు రాణులైనారు. ఆ ఇంటి కుర్రవాడు ఏనుగుల దళానికి అధిపతియై, కాలక్రమాన నృత్తరత్నావళి వంటి శాస్త్ర గ్రంథాన్ని రచించినాడు. గణపతిదేవుని సోదరి మైలాంబ నతవాడి సీమ ప్రభువుల ఇల్లాలైనది; బయ్యారం చెరువు ఆమె త్రవ్వించినదే. మరొక కుమార్తె గణపాంబ ధరణికోట నేలిన కోట బేతరాజుకు ఇల్లాలై, భర్త మరణించిన తరువాత ఆ సీమను తానే పాలించి, భర్త పేరిట, తండ్రి పేరిట గుడులు కట్టించినది. ఈ స్త్రీలలో ఎవరి మనసులో ఏమున్నదో చెప్పే ఆధారమేదీ మనకు మిగలలేదు. మిగిలినవి చెరువులు, గుడులు, దాన శాసనాలు.

రుద్రమ వివాహం కూడా ఈ అల్లికలోని పోగే. ఆమె భర్త వీరభద్రుడు నిడదవోలు నేలిన తూర్పు చాళుక్య శాఖకు చెందిన ఇందుశేఖరుని కుమారుడు. ఒకప్పుడు వేంగిని ఏలిన ఆ వంశానికి పదమూడవ శతాబ్దంలో సైన్యబలం తక్కువ. పేరు మాత్రం పెద్దది. ఓరుగల్లు కాకతీయులకు బలమున్నది. తీరాంధ్రంలో తమ అధికారానికి గౌరవం తెచ్చే పాత వంశంతో బాంధవ్యం కావలసి ఉన్నది. ఈ లెక్క స్పష్టమే. ఈ వివాహం సుమారు 1240 ప్రాంతంలో జరిగినదని చరిత్రకారులు ఊహిస్తున్నారు. వీరభద్రుడు రాజ్యవ్యవహారాలలో పాల్గొన్నట్టు నిదర్శనమేమీ లేదు.

ఆ నాటికి రుద్రమ వయసెంత? ఆమె పుట్టిన సంవత్సరం చెప్పే శాసనం లేదు. అయితే ఆ కాలం కన్యకు ఏ వయసు తగినదని ఎంచేదో చెప్పే గ్రంథాలున్నవి. పరాశరాది స్మృతులలో ఎనిమిదేండ్ల బాలిక గౌరి, తొమ్మిదేండ్లది రోహిణి, పదేండ్లది కన్య. ఆ పైన ఆలస్యం చేసిన తండ్రికి దోషం. నారదస్మృతి ఎనిమిదేండ్ల లోపు బిడ్డను గర్భస్థ శిశువుతో సమానంగా లెక్కించి, పదహారేండ్ల వరకు బాల్యంగా పరిగణించి, ఆ తరువాతనే వ్యవహారానికి అర్హత కల్పించినది. కౌటిల్యుని అర్థశాస్త్రం మరింత నిక్కచ్చిగా, స్త్రీ పన్నెండవ యేట, పురుషుడు పదహారవ యేట వ్యవహార యోగ్యులౌతారని నిర్ణయించినది. వీటిలో ఏది ఏ ఇంట ఎంతవరకు ఆచరణలో ఉండేదో గ్రంథాలను బట్టి మాత్రమే తేల్చరాదు. కాని ఈ ఆలోచన తెలుగుదేశానికి దూరమైనది కాదు. కళ్యాణి చాళుక్యుల ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను, తిక్కన సమకాలికుడైన కేతన ఆ పదమూడవ శతాబ్దంలోనే తెలుగు పద్యాలలోకి తెచ్చినాడు. రుద్రమ జీవించిన కాలంలోనే ధర్మశాస్త్రం తెలుగు మాట్లాడడం నేర్చినదన్నమాట.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించవలసి ఉన్నది. ఆ కాలంలో పెద్దరికం రెండు మెట్లుగా వచ్చేది. వివాహానికి తగిన వయసు ఒకటి. దానం చేయడానికి, అప్పు పత్రం వ్రాయడానికి, సాక్ష్యం చెప్పడానికి, దండు నడపడానికి తగిన వయసు మరొకటి. మొదటి మెట్టు ఆడపిల్లకు బాల్యంలోనే వచ్చేది. ఆమె అడిగినా అడగకపోయినా వచ్చేది. రెండవ మెట్టు చాలామంది స్త్రీలకు జీవితమంతా రాకుండానే పోయేది. రుద్రమ విశేషమంతా ఈ రెండవ మెట్టు ఎక్కడంలోనే ఉన్నది.

ఆ మెట్టును ఆమెకు అమర్చినవాడు తండ్రి. గణపతిదేవునికి రాజ్యాన్ని అందుకొనదగిన కుమారులు లేరు. అట్టివాడు కుమార్తెను పుత్రికగా నియమించి, ఆమెను కుమారునితో సమానంగా ఎంచి, ఆమె సంతానాన్ని తన వంశానికి నిలుపుకొనే పద్ధతి ధర్మశాస్త్రాలలో ఉన్నది. యాజ్ఞవల్క్య స్మృతి పుత్రికాసుతుని ఔరస పుత్రునితో సమానం చేసినది. అన్నదమ్ములు లేని పిల్లను చేసుకొనేముందు ఆలోచించుమని మనుస్మృతి వరుని హెచ్చరించడానికి కారణం కూడా ఇదే. ఆ పిల్లకు పుట్టే కుమారుడు మామగారి వంశానికి పోవచ్చును. రుద్రమ విషయంలో జరిగినది ఈ పద్ధతికి సమీపమైనదే. తండ్రి ఆమెకు రుద్రదేవుడని పేరిడి కుమారునిగా భావించినట్టు విద్యానాథుని ప్రతాపరుద్రీయం వలన తెలుస్తున్నది. ఈ కోణం నుండి చూస్తే నిడదవోలు సంబంధంలో త్యాగం చేసినవాడు వీరభద్రుడు కూడా. అతడు తన వంశానికి కోడలిని తెచ్చుకొనలేదు. ఓరుగల్లుకు అల్లుడై, తన సంతానాన్ని కాకతి వంశానికి ధారపోసినాడు. రాజకీయ వివాహంలో పావు ఎప్పుడూ స్త్రీయే అని మనం తొందరపడి అనుకొంటాము. ఇక్కడ పావు పురుషుడు.

1259 ప్రాంతం నుండి రుద్రమ తండ్రితో కలిసి పాలన సాగించినది. అప్పటికి వివాహమై, చరిత్రకారుల అంచనా సరియైనదైతే, దాదాపు ఇరువది యేండ్లు గడచినవి. సింహాసనాన్ని సమీపించినప్పుడు ఆమె పరువపు కన్య కాదు. కుమార్తెలు గల గృహిణి. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుని కుమార్తెగానే పేర్కొని, గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యునికి మందడం గ్రామాన్ని ఆమె దానమిచ్చిన సంగతి చెబుతున్నది. ఆ మఠానికి అనుబంధంగా అన్నసత్రం, విద్యాలయం, ప్రసూతిశాల ఏర్పడినట్టు ఆ శాసనమే సాక్ష్యం. అధికార శాసనాలలో ఆమె రుద్రదేవ మహారాజు. దేశానికి ఆమె స్త్రీ అని తెలియకపోవడం వలన ఈ పేరు రాలేదు. రాజు అనే పదవికి స్త్రీలింగం లేకపోవడం వలన వచ్చినది.

ఆమె పాలన సుఖంగా సాగలేదు. 1263 ప్రాంతంలో నెల్లూరు చెంత ముత్తుకూరు దగ్గర పాండ్యుల చేతిలో కాకతీయ సైన్యం ఓడిపోయినది. దక్షిణ మండలాలు జారిపోయినవి. పడమటి నుండి దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చినాడు. ఆమె అతనిని వెనుకకు తరిమినది. ఆమె సేనలు బీదరు దాకా పోయిన జాడ అక్కడి శిథిల శాసనంలో కనబడుతున్నది. స్త్రీ పాలనకు తలవంచని బంధువులు, సామంతులు తిరుగుబాటు చేసిన కథలను ప్రతాపచరిత్ర చెబుతున్నది. ఆమెకు పట్టాభిషేకం 1269 ప్రాంతంలో గాని జరుగలేదని చరిత్రకారులలో అనేకుల అభిప్రాయం. అంటే పాలన మొదలుపెట్టిన తరువాత కిరీటం ధరించడానికి ఆమెకు పది సంవత్సరాలు పట్టినది. పదహారేండ్ల రాకుమారునికి ఒక్క ముహూర్తంతో వచ్చే అర్హతను, నడివయసు స్త్రీ పదేండ్లు రాజ్యం నడిపి నిరూపించుకొనవలసి వచ్చినది.

ఇంతవరకు శాసనాల కథ. ఇక కథల కథ.

రుద్రమను గురించి మొదట కల్పన చేసినవాడు విదేశీయుడు. వెనీసు వర్తకుడు మార్కో పోలో 1290లలో ఈ తీరం మీదుగా పోతూ, మోటుపల్లి రేవుకు నెలవైన ఈ రాజ్యాన్ని గురించి విన్నాడు. వజ్రాలను గురించి, సన్నని నూలు వస్త్రాలను గురించి మెచ్చుకొన్నాడు. ఈ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతున్నదని, ఆమె చనిపోయిన రాజుకు భార్య అని, భర్త మీది ప్రేమచేత మరల పెండ్లి చేసుకొనక నలువది యేండ్లుగా పాలిస్తున్నదని వ్రాసుకొన్నాడు. న్యాయపాలన నిజమే కావచ్చును. బంధుత్వం మాత్రం తప్పు. సింహాసనం మీద స్త్రీ ఉన్నదని విన్నవానికి, ఆమె ఎవరి భార్య అనే ప్రశ్నే ముందు తోచినది. తరువాతి కాలంలో మనవాడైన ఏకామ్రనాథుడు కూడా ప్రతాపచరిత్రలో ఆమెను గణపతిదేవుని భార్యగానే చెప్పినాడు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు రచయితలు ఒకే పొరపాటు చేసినారు. కుమార్తె తన హక్కున రాజు కావడం కంటె, విధవ భర్త స్థానంలో నిలవడం వారి ఊహకు సులభంగా అందినది.

ఆధునిక నవలాకారులు ఈ పొరపాటును దిద్దినారు. శాసనాలు వెలువడి, చరిత్ర పరిశోధన పెరిగిన తరువాత, 1940లలో అడివి బాపిరాజు గోన గన్నారెడ్డిని రచించినాడు. నోరి నరసింహశాస్త్రి తన చారిత్రక నవలలలో ఒకదానికి రుద్రమదేవి పేరే పెట్టినాడు. వీరిద్దరూ ఆమెను గణపతిదేవుని కుమార్తెగా, వీరవనితగా తెలుగు పాఠకుల ఇండ్లలో నిలిపినారు. పాలమూరు సీమలోని వర్ధమానపురం నేలిన గోన వంశాన్ని సామాన్య పాఠకునికి తెలియజేసిన పుణ్యం బాపిరాజుదే. ఈ మేలును తక్కువ చేయరాదు.

అయితే బాపిరాజు నవల ఎట్లా మొదలవుతుందో గమనించండి. రాజ్య ప్రయోజనం కొరకు కుదిరిన ఒక పెండ్లి జరగబోతున్నది. పెండ్లికూతురు అన్నాంబిక. ఆ పెండ్లి పీటల మీది వరుని గన్నారెడ్డి ఎత్తుకొనిపోతాడు. ఆ తరువాత కథ నడిచి నడిచి, అన్నాంబిక మనసిచ్చిన గన్నారెడ్డికే ఇల్లాలు కావడంతో సుఖాంతమవుతుంది. రుద్రమ వివాహం కూడా నవలలో చాళుక్య వీరభద్రుని మీది అనురాగంగా మారినది. రాజకీయ వివాహమనే ముల్లును తీసివేయడానికి రచయిత రెండు ఉపాయాలను వాడినాడు. చెడ్డవారు కుదిర్చిన పెండ్లి అయితే చెడగొట్టినాడు. చెడగొట్టడానికి వీలులేని, చరిత్రలో నిజంగా జరిగిన పెండ్లి అయితే దానిలో ప్రేమను నింపినాడు. కథానాయిక వయసును కూడా మాట్లాడకుండా పెంచినాడు. ఎనిమిదేండ్ల గౌరికి, పన్నెండేండ్ల వధువుకు ఆ నవలలో నాయికగా చోటు లేదు. తన మనసు తానెరిగిన యువతికే చోటున్నది.

ఇట్లా చేయడానికి కారణం తెలియనిది కాదు. బాపిరాజు తరం కన్యాశుల్కం చదివి పెరిగిన తరం. వీరేశలింగం ఉద్యమాన్ని ఇంటి పెద్దల నోట విన్న తరం. బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చి, బాలికకు పదునాలుగు, బాలునికి పదునెనిమిది యేండ్లు నిండనిదే పెండ్లి కూడదని నిర్ణయించిన తరువాత పదిహేనేండ్లకు వెలువడిన సాహిత్యమది. అట్టి పాఠకులకు, తమ జాతి గర్వించే రాణి పసితనంలోనే తండ్రి లెక్క ప్రకారం మెట్టినింటి పేరు పొందినదని చెప్పడం రచయితకు రుచించలేదు. ఆయన ఉద్దేశం మంచిది. పాత రాణిని అడ్డుపెట్టి కొత్త పడుచులకు ధైర్యం చెప్పినాడు.

ఉద్దేశం మంచిదైనా నష్టం లేకపోలేదు. పదమూడవ శతాబ్దంలోనే మన రాకుమార్తెలు నిండు ప్రాయం వచ్చిన తరువాత, తమకు నచ్చినవానిని ఎంచుకొని పెండ్లాడినారని చదివి చదివి పాఠకుడు నమ్మినాడనుకొనండి. అప్పుడు వయో నియమం, పడుచుపిల్ల సమ్మతి అనేవి మన పూర్వులు ఎప్పుడో ఇచ్చినవై, నడుమ ఎవరో పోగొట్టినవై కనబడతాయి. వాటి కొరకు పందొమ్మిది, ఇరువది శతాబ్దాలలో ఎందరు తిట్లు తిన్నారో, ఎన్ని ఇండ్లు వెలియైనవో మరుగున పడుతుంది. 1978లో ఆడపిల్లకు పదునెనిమిది యేండ్లుగా చట్టం మారడానికి కూడా ఎంతకాలం పట్టినదో మరచిపోతాము. ఇంకొక నష్టమున్నది. బాల్యంలో ఇష్టాయిష్టాలు చెప్పే అవకాశం లేకనే పెండ్లి పీటల మీద కూర్చున్న అసలు బాలికలు కథలో నుండి మాయమౌతారు. నారమ్మ, పేరమ్మ, గణపాంబ, మైలాంబలకు ప్రణయ కథలు అల్లినంత మాత్రాన వారికి న్యాయం జరుగదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. రుద్రమకు ఒక శతాబ్దం తరువాత, ఐరోపాలోని పోలండులో యాద్విగా అనే బాలిక 1384లో పదేండ్ల ప్రాయంలో సింహాసనమెక్కినది. ఆమెకు కూడా రాణి అని గాక రాజు అనే బిరుదుతోనే కిరీటం పెట్టినారు. పసితనంలోనే ఆస్ట్రియా రాకుమారునితో ప్రధానం జరిగినది. క్రైస్తవ ధర్మశాస్త్రం ప్రకారం బాలికకు పన్నెండేండ్లు నిండితే వివాహం స్థిరపడుతుంది. ఆ వయసు వచ్చేసరికి రాజ్యానికి వేరొక సంబంధం కావలసి వచ్చి, 1386లో లిథువేనియా ప్రభువు యొగైలాకు ఇచ్చి చేసినారు. రెండు దేశాలు కలిసినవి. ఆమె 1399లో ప్రసవానంతరం మరణించినది. పోలిష్ నవలాకారుడు సియెన్‌కియెవిచ్ ఆ యుగాన్ని చిత్రిస్తూ 1900లో ప్రచురించిన నవలలో, డానూషియా అనే నాయికను పన్నెండేండ్ల పిల్లగానే చూపినాడు. వీరుడొకడు ఆమెకు తన సేవను అంకితం చేసినా, ఆమె ఆటపాటలు, భయాలు పిల్లవే. పాఠకునికి అది ఇబ్బంది కలిగించవచ్చును. ఆ ఇబ్బందే ఆ కాలాన్ని గురించిన జ్ఞానం.

మన రచయితలు ఎక్కువగా వాడుకొన్నది పురుష వేషం. 2015లో గుణశేఖర్ దర్శకత్వంలో వచ్చిన రుద్రమదేవి చలనచిత్రం కూడా ఆమె స్త్రీ అనే సంగతిని లోకానికి తెలియనీయక దాచడం మీదనే కథను నిలిపినది. చూడడానికి రసవత్తరమే. కాని మల్కాపురం శాసనంలో కుమార్తె అని బహిరంగంగా చెక్కించిన తండ్రికి దాచవలసిన అవసరం కనబడదు. దాగిన రహస్యం బయటపడడంలో ఒక నిమిషపు నాటకీయత ఉన్నది. అందరికీ తెలిసిన స్త్రీని అందరిచేత రాజు అనిపించడంలో ఒక జీవితకాలపు పోరాటమున్నది. రెండవదే కష్టమైన కథ. దానిని ఇంకా ఎవరో వ్రాయవలసి ఉన్నది.

ఆ కథ వ్రాయదలచినవారు రుద్రమ ఉత్తర జీవితాన్ని చూడవలె. ఆమె కుమార్తె ముమ్మడమ్మను మహాదేవునికి ఇచ్చినది. మరొక కుమార్తె రుయ్యమ్మను ఇందులూరి అన్నయ మంత్రికి ఇచ్చినది. తన వివాహంలో మాట చెల్లని పిల్ల, కుమార్తెల వివాహాలను తానే కుదిర్చే స్థానానికి వచ్చినది. వారినైనా అడిగినదా? అడిగినదని చెప్పే ఆధారమూ లేదు, అడగలేదని చెప్పే ఆధారమూ లేదు. నవలాకారునికి ఇంతకంటె విలువైన ఖాళీ మరెక్కడ దొరుకుతుంది? పాతికేండ్ల క్రిందట తనను గురించి పెద్దలు వేసిన లెక్కను, ఇప్పుడు తన బిడ్డను గురించి తానే వేయవలసి వచ్చిన తల్లి మనసును చిత్రించడానికి ఏ శాసనమూ అడ్డురాదు. ముమ్మడమ్మ కుమారుడు ప్రతాపరుద్రుని ఆమె దత్తపుత్రునిగా స్వీకరించి, తన తరువాత రాజ్యానికి వారసుని చేసినది. తండ్రి తనను కుమారునిగా చేసినట్టే, ఆమె దౌహిత్రుని కుమారునిగా చేసినది. తనకు పదేండ్లు పట్టిన పనిని మనుమనికి సుగమం చేసిపోయినది.

చివరి దినాలలో ఆమెకు ఎదురు నిలిచినవాడు కాయస్థ అంబదేవుడు. గణపతిదేవుని కాలంలో కాకతీయులకు విశ్వాసపాత్రులుగా ఎదిగిన వంశమది. అంబదేవుడు ఆ విశ్వాసాన్ని వదలి స్వతంత్రించినాడు. 1290 నాటి త్రిపురాంతకం శాసనంలో తన విజయాలను చాటుకొన్నాడు. అతనిపై జరిగిన పోరులోనే రుద్రమ, మల్లికార్జున నాయకుడు మరణించి ఉంటారని చరిత్రకారుల ఊహ. వివాహం అయి అర్ధశతాబ్దం గడచిన స్త్రీ, ముదిమి వయసున, దండుతో కదలి పోయినది. నవలలలో గాని, తెర మీద గాని ఈ వృద్ధురాలు మనకు ఎదురుపడడం అరుదు. నెరసిన తలతో యుద్ధభూమికి పోయే రాణిలో ప్రణయానికి చోటు లేదని కాబోలు, కథకులు ఆమెను యౌవనంలోనే వదలి వెనుదిరిగినారు.

చారిత్రక నవల శాసనానికి నకలు కావలెనని ఎవరూ కోరరు. రాయి చెప్పని మనసును చెప్పడానికే నవల పుట్టినది. పేర్లు మార్చుకొనవచ్చును, సంభాషణలు కల్పించుకొనవచ్చును, లేని మిత్రులను, శత్రువులను పుట్టించుకొనవచ్చును. వయసును మాత్రం మార్చేముందు రచయిత ఒకమారు ఆగి ఆలోచించవలసి ఉన్నది. వయసుతో పాటు బాధ్యత మారుతుంది, సమ్మతికి అర్థం మారుతుంది, ఎవరు ఎవరికి ఋణపడినారన్నది మారుతుంది. రుద్రమ జీవితంలో ప్రేమ ఉండకపోయి ఉండవచ్చును, ఉండి ఉండవచ్చును, మనకు తెలియదు. ఆమె ఏ పెండ్లి వలన పెద్దది కాలేదని మాత్రం తెలుసును. మందడంలో దానమిచ్చినప్పుడు, యాదవ సైన్యాన్ని తరిమినప్పుడు, మనుమని దత్తు తీసుకొన్నప్పుడు ఒక్కొక్క మెట్టుగా పెద్దదైనది. ఆమె మరణానంతరం పుణ్యం కొరకు చందుపట్లలో భూమినిచ్చిన ముమ్మడి చక్రవర్తి కాడు, కవి కాడు. ఒక నాయకుని కొలువులోని సేవకుడు. తన నాయకుని పేరును, తన రాజు పేరును ఒకే శిల మీద చెక్కించినాడు. ఆ రాజు స్త్రీ అయినందుకు అతడు ఏ వివరణా ఇవ్వలేదు.